ఒక్క డాలర్ గుర్తు, ఇద్దరు యజమానులు: వెబ్ పేజీలో లైబ్రరీల కొట్లాట చరిత్ర

కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి. వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

కేతేపల్లి, నకిరేకల్, సూర్యాపేట, దేవరకొండ... ఎక్కడివాళ్లమైనా ఇప్పుడు మనలో చాలామందిమి సొంతంగా వెబ్ పేజీలు తయారు చేస్తున్నం. ఒకరు కాలేజీ ప్రాజెక్టు కోసం, ఒకరు ఊరి బడి కోసం, ఇంకొకరు తీజ్ పండుగ ఫొటోలు పెట్టుకోవడానికి. అందరికీ ఒక దగ్గర ఒకే దెబ్బ తగులుతది. ఫొటోలు వాటంతటవే జరిగే స్లైడర్ ఒక లైబ్రరీ నుంచి తెస్తాం. నొక్కితే తెరుచుకునే మెనూ ఇంకో లైబ్రరీ నుంచి తెస్తాం. విడివిడిగా పెడితే రెండూ మంచిగ పనిచేస్తయి. ఒకే పేజీలో పెడితే ఒకటి చచ్చిపోతది. అప్పుడు మనం చేసేది ఏంది? స్క్రిప్టు లైన్లు కిందిది పైకి, పైది కిందికి మార్చి చూస్తాం. ఎప్పుడో ఒకసారి పనిచేస్తది. ఎందుకు పనిచేసిందో తెల్వదు.

ఈ తగాదాకు ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే లైన్లు మార్చుకుంటూ కూర్చునే పని ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇదే తగాదా మన తెలుగు అక్షరాలకూ జరిగింది, గోండి లిపి కూడా ఈ దారిలోనే నడిచి వచ్చింది. అందుకని ఇది కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు.

ముందు మన ఇంటి కథ: అక్షరాల తగాదా

నల్లగొండలో ఏ ప్రింటింగ్ ప్రెస్‌కు పోయినా పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు. అను ఫాంట్లలో టైప్ చేసిన కరపత్రాన్ని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనపడదు. పిచ్చి గీతలు, గుర్తులు కనపడతయి. అదే ఫైలుకు శ్రీలిపి ఫాంటు పెడితే ఏవో అక్షరాలు వస్తయి గానీ ఒక్క మాటా చదవరాదు. ఎందుకంటే ఆ కాలపు ఫాంటులో ఉండేవి 256 గదులే. అందులో మొదటి సగం ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు పోయింది. తెలుగు ఫాంటు తయారు చేసిన ప్రతి కంపెనీ ఆ గదులనే తన ఇష్టం వచ్చినట్టు వాడుకుంది. ఒక ఫాంటులో ఒక గదిలో ‘క’ ఉంటే, ఇంకో ఫాంటులో అదే గదిలో ఒక వొత్తు ఉంటది. గది నంబరు ఒకటే, అందులో ఉన్నోళ్లు వేరు.

1990ల చివర్లో తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు ఈ రోగాన్ని కూడా వెంట తెచ్చుకున్నయి. ఏ పత్రిక ఫాంటు దానిదే. ఈ పత్రిక చదవాలంటే ఒక ఫాంటు దించుకోవాలి, ఆ పత్రికకు ఇంకోటి. రెండు పత్రికల వార్తలు తీసుకుని ఒకే పేజీలో పక్కపక్కన పెడదామంటే కుదరదు. వెతుకుదామంటే దొరకదు.

మందు అప్పటికే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గదులతో ఒక వీధి ఇచ్చారు. ఆ నంబర్లు ఇంకో భాష లిపికి ఇవ్వరు. అయితే అది మన దాకా రావడానికి చాలా ఏండ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు. పత్రికల సొంత ఫాంట్లలోని వార్తలను యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే పనిముట్టును ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం తయారు చేసింది కూడా ఆయనే. ఇవాళ మనం ఫోన్‌లో తెలుగులో కొట్టుకుంటున్నమంటే, ప్రతి అక్షరానికి సొంత నంబరు దొరకబట్టే.

ఈ ‘గది ఒకటే, మనుషులు ఇద్దరు’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. స్క్రిప్టు లైబ్రరీల గొడవ కూడా అచ్చంగా ఇదే.

1995: హద్దులు లేని బంచరాయి

జావాస్క్రిప్ట్ భాషను 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ తయారు చేశాడు. మొదటి రూపానికి పట్టింది పది రోజులు. అప్పట్లో దానితో చేయాలనుకున్న పని చిన్నది: ఫారంలో ఫోన్ నంబరు సరిగా నింపారా లేదా చూడడం, బటన్ నొక్కితే చిన్న మాట చూపించడం. ఒక పేజీలో పదిమంది రాసిన పది లైబ్రరీలు కూర్చుంటాయని అనుకుని దాన్ని కట్టలేదు.

అందుకే ఒక పేజీలోని స్క్రిప్టులన్నిటికీ ఒకటే ఉమ్మడి జాగ ఉంటది. దాని పేరు విండో. ఏ స్క్రిప్టు బయట ఒక పేరు పెట్టినా అది పోయి ఆ జాగలో పడుతది. మన ఊరి బంచరాయి లెక్క. ఎవరైనా గుంజ పాతొచ్చు, హద్దు రాయి లేదు, పట్టా లేదు. ఒకడు పాతిన చోటే ఇంకొకడొచ్చి పాతితే మొదటి గుంజ ఊడిపోతది.

హాస్టల్ అటెండెన్స్ గుర్తు చేసుకోండి. వార్డెన్ సార్ ‘శంకర్’ అని పిలిస్తే ముగ్గురు లేస్తరు. ‘రమావత్ శంకర్’ అంటే ఒక్కడే లేస్తడు, ‘జటావత్ శంకర్’ అంటే ఇంకొకడు. ఇంటిపేరు ఉన్నది అందుకే. బ్రౌజర్ దగ్గర ఇంకా కష్టం. అక్కడ ముగ్గురు లేవరు. చివరికి చేరినవాడే శంకర్. ముందు చేరిన ఇద్దరిని రిజిస్టర్‌లోంచి కొట్టేసినట్టే. పైగా బ్రౌజర్ ఆ సంగతి ఎవరికీ చెప్పదు. తర్వాతెప్పుడో పాత శంకర్‌తో పని పడ్డప్పుడు మాత్రం ‘ఇది ఫంక్షన్ కాదు’ అని ఎర్ర అక్షరాల్లో ఒక ముక్క అంటది.

2005–2006: డాలర్ గుర్తు మీద అందరి కన్ను

పదేండ్లు ఇది పెద్ద గొడవ కాలేదు, ఎందుకంటే పేజీల్లో స్క్రిప్టులే తక్కువ. 2005 నుంచి లెక్క మారింది. పేజీ మొత్తం మళ్లీ తెరవకుండానే కొత్త సమాచారం తెచ్చుకునే పద్ధతి వచ్చింది. దాంతో పెద్ద లైబ్రరీలు పుట్టినయి.

2005 ఫిబ్రవరిలో శామ్ స్టీఫెన్‌సన్ ప్రొటోటైప్ అనే లైబ్రరీ మొదలుపెట్టాడు. పేజీలోని ఒక వస్తువును పట్టుకోవాలంటే అప్పటిదాకా చాలా పొడుగు మాట రాయాలి. ఆయన దానికి బదులు ఒక్క $ గుర్తు పెట్టాడు. జావాస్క్రిప్ట్‌లో పేరుగా పెట్టుకోవడానికి అనుమతి ఉన్న గుర్తుల్లో అదొకటి. ఒక్క అక్షరం, కళ్లకు ఆనుతది, చేతికి సులువు. అందరికీ నచ్చింది.

2006 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన బార్‌క్యాంప్ సమావేశంలో జాన్ రెసిగ్ అనే యువకుడు జేక్వెరీని బయటపెట్టాడు. దానికీ అదే $ గుర్తు. అదే సంవత్సరం వాలెరియో ప్రొయెట్టి మూటూల్స్ తెచ్చాడు. దానికీ అదే. ముగ్గురి చేతుల్లో $ చేసే పని ఒక్కటి కాదు. ప్రొటోటైప్‌లో అది ఒక వస్తువును తెచ్చిస్తది. జేక్వెరీలో వెతికిన వస్తువులన్నిటినీ ఒక కట్టగా కట్టి ఇస్తది. ప్రొటోటైప్ కోసం రాసిన కోడ్‌కు జేక్వెరీ కట్ట ఇస్తే దానికి ఏం చేయాలో తోచదు, ఆగిపోతది.

ఒక పేజీలో పాత భాగం ప్రొటోటైప్‌తో కట్టి ఉంటది, కొత్త స్లైడర్ జేక్వెరీ అడుగుతది. రెండూ పెట్టక తప్పదు. గుర్తు మాత్రం ఒక్కటే.

వెనక్కి ఇచ్చే గుణం

ఇక్కడే జేక్వెరీ ఒక పని చేసింది. నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో మంచి ఘట్టం అదే. పేజీలోకి వచ్చేటప్పుడే ‘నాకంటే ముందు ఈ $ ఎవరి దగ్గర ఉంది?’ అని చూసి రాసిపెట్టుకుంటది. ఆ తర్వాతే తను తీసుకుంటది. మనం నో కాన్‌ఫ్లిక్ట్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే $ ను పాత యజమానికి అప్పజెప్పి, తను జేక్వెరీ అనే పూర్తి పేరుతో బతుకుతది. ఆ ఫంక్షన్‌కు ‘ట్రూ’ అని ఇస్తే ఆ పూర్తి పేరు కూడా వదిలేస్తది. ఒకే పేజీలో జేక్వెరీవే రెండు వెర్షన్లు ఉండాల్సి వచ్చినప్పుడు ఇది అక్కరకొస్తది. రెండోది రెండు పేర్లనూ మొదటిదానికి తిరిగిచ్చి, మనం పెట్టిన కొత్త పేరుతో ఉంటది.

జాగ తీసుకునేటప్పుడు ముందెవరున్నరో రాసిపెట్టుకోవడం, అడిగితే తిరిగి ఇవ్వడం. భూముల చరిత్ర తెలిసిన మనకు దీని విలువ వేరే చెప్పాల్సిన పని లేదు.

తర్వాత మూటూల్స్ కూడా దిగొచ్చింది. 2009లో వచ్చిన 1.2.3 వెర్షన్ నుంచి, $ అప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని ముట్టుకోవడం మానేసింది. వర్డ్‌ప్రెస్ అయితే తనతో పాటు వచ్చే జేక్వెరీని మొదటి నుంచే నో కాన్‌ఫ్లిక్ట్ స్థితిలో పెట్టి ఇస్తది. ఎక్కడో దొరికిన కోడ్‌ను వర్డ్‌ప్రెస్ పేజీలో అతికిస్తే ‘డాలర్ ఫంక్షన్ కాదు’ అని వస్తదే, కారణం ఇదే. కోడ్ తప్పు కాదు. అక్కడ $ ఎవరికీ ఇవ్వలేదు, అంతే.

2008 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్, నోకియా కంపెనీలు జేక్వెరీని వాడతామని ప్రకటించినయి. నెమ్మదిగా పోటీలో అదే నిలబడ్డది. గెలవడానికి చాలా కారణాలు ఉండొచ్చు. కానీ పక్కవాడిని లేపకుండా కూర్చోగలగడం వల్ల, పాత పేజీల్లోకి కూడా అది భయం లేకుండా అడుగు పెట్టగలిగింది.

ఇంటిపేరు, ఆ తర్వాత గోడ

తిరిగి ఇవ్వడం మంచిదే. కానీ అసలు బంచరాయిలో గుంజ పాతకుండా ఉంటే ఇంకా మంచిది కదా? ఈ దారిలో మూడు మెట్లు ఉన్నయి.

మొదటి మెట్టు ఇంటిపేరు. 2006 ఫిబ్రవరిలో యాహూ కంపెనీ తన లైబ్రరీని అందరికీ ఇచ్చింది. ఉమ్మడి జాగలో అది ‘యాహూ’ అనే ఒక్క పేరే పెట్టింది. మిగతావన్నీ దాని కిందే: యాహూ వారి ఫలానా, యాహూ వారి ఫలానా. రమావత్ శంకర్ పద్ధతి ఇదే. దీన్ని నేమ్‌స్పేస్ అంటరు.

రెండో మెట్టు ప్రహరీ గోడ. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ లోపల పెట్టిన పేరు బయటికి కనపడదు. అందుకని కోడ్ మొత్తాన్ని ఒక ఫంక్షన్‌లో చుట్టి, దాన్ని అక్కడికక్కడే పిలిచేయడం మొదలుపెట్టారు. జేక్వెరీ ప్లగిన్లు రాసేవాళ్లు ఆ గోడకు ఒక చిన్న కిటికీ పెట్టి, జేక్వెరీని $ అనే పేరుతో లోపలికి తీసుకుంటరు. బయట $ ఎవరిదైనా కావొచ్చు, ఆ నాలుగు గోడల మధ్య మాత్రం జేక్వెరీదే. ఇద్దరి ఇండ్లల్లో ఇద్దరు శంకర్‌లు ఉంటే ఇబ్బందేముంది? ఎవరి ఇంట్లో వాళ్లను పిలుచుకోవచ్చు.

మూడో మెట్టు మాడ్యూల్. 2009 జనవరిలో కెవిన్ డాంగూర్ మొదలుపెట్టిన చర్చ నుంచి కామన్‌జేఎస్ అనే పద్ధతి వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన నోడ్‌జేఎస్ దాన్ని పట్టుకుంది. బ్రౌజర్‌లో ఇలాంటి పనే చేయడానికి జేమ్స్ బర్క్ రిక్వైర్‌జేఎస్ రాశాడు. చివరికి 2015 జూన్‌లో వచ్చిన జావాస్క్రిప్ట్ ప్రమాణంలో మాడ్యూళ్లు భాషలోనే భాగమైనయి. ఒక ఫైలు ఒక ఇల్లు. బయటికి ఏం ఇవ్వాలో ఆ ఫైలే ‘ఎక్స్‌పోర్ట్’ అని చెప్పాలి. కావాల్సినవాళ్లు ‘ఇంపోర్ట్’ అని పేరు పెట్టి అడిగి తెచ్చుకోవాలి, కావాలంటే తమ ఇంట్లో ఇంకో పేరు పెట్టుకోవాలి. 2017లో సఫారి, క్రోమ్, 2018 మేలో ఫైర్‌ఫాక్స్ దీన్ని అందుకున్నయి. పది రోజుల్లో కట్టిన ఇంటికి గదుల గోడలు కట్టడానికి ఇరవై ఏండ్లు పైనే పట్టిందన్నమాట.

పాత గుంజలు ఊడవు

అయినా బంచరాయి అట్లనే ఉన్నది. 2018లో జరిగిన ఒక సంఘటన చూస్తే తెలుస్తది.

జావాస్క్రిప్ట్‌ను చూసుకునే టీసీ39 కమిటీ, జాబితాలోని జాబితాలను విప్పి పరిచే ఒక కొత్త సౌకర్యానికి ‘ఫ్లాటెన్’ అని పేరు పెట్టాలనుకుంది. ఫైర్‌ఫాక్స్ పరీక్ష వెర్షన్‌లో పెట్టి చూస్తే పాత వెబ్‌సైటు ఒకటి పాడయింది. కారణం మూటూల్స్. అది తన వస్తువులను తన దగ్గర పెట్టుకోకుండా, భాష సొంత వస్తువుల మీదే అదే పేరుతో తన ఫంక్షన్ ఎన్నడో అతికించి పెట్టింది. ఒకాయన నవ్వులాటకు ‘స్మూష్’ అని పేరు మారుద్దామన్నాడు. దాని మీద పెద్ద రభస అయింది. చివరికి 2018 మేలో ‘ఫ్లాట్’ అనే పేరు ఖాయం చేశారు. అంతకుముందు 2014లో కూడా మూటూల్స్ వల్లనే ‘కంటెయిన్స్’ అనుకున్న పేరు ‘ఇంక్లూడ్స్’ అయింది.

కొత్తగా ఎవరూ పెద్దగా వాడని లైబ్రరీ కోసం భాష పేరే ఎందుకు మార్చుకోవాలి అని చాలామంది అడిగారు. కమిటీ వైపు నుంచి వచ్చిన జవాబు సూటిగా ఉంది: ఎన్నడో కట్టిన పేజీ, చూసుకునే దిక్కు లేని పేజీ కూడా రేపు తెరిస్తే తెరుచుకోవాలి. బలమున్నవాడు పక్కకు జరిగాడు, బలం లేని పాత పేజీ నిలబడ్డది.

అదే 2018లో మన దగ్గర

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు ఉన్నయని 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వల్ల బయటి ప్రపంచానికి తెలిసింది. అట్లనే మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో ఇంకో గోండి లిపి తయారు చేశారు. ఈ రెండు లిపులకూ యూనికోడ్‌లో చోటు కోసం అన్షుమన్ పాండే ప్రతిపాదనలు రాశారు. 2017లో మసారం గోండి, 2018 జూన్‌లో గుంజాల గోండి చేరినయి. గుంజాల గోండికి 80 గదుల వీధి, అందులో 63 అక్షరాలు, గుర్తులు నిండినయి.

దీని అర్థమేంది? పాత పద్ధతిలో అయితే గోండి అక్షరాలను ఇంగ్లీషు గదుల్లోనో తెలుగు గదుల్లోనో దాచి ఒక ఫాంటు చేయాలి. ఆ ఫాంటు పోయిన రోజు రాత మొత్తం పిచ్చి గీతలే. ఇప్పుడు తెలుగు, గుంజాల గోండి, మసారం గోండి మూడూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండొచ్చు. గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో రెండు గోండి లిపులకూ ఫాంట్లు ఉన్నయి. ఏ గదులకు ఏ ఫాంటు వాడాలో పేజీలోనే చెప్పొచ్చు. ఎవరి నంబర్లు వాళ్లవి కాబట్టి కొట్లాట లేదు.

ఆ సంవత్సరమే మన తెలంగాణలో తండాలు, గూడేలు ఎన్నో గ్రామపంచాయతీలైనయి. అంతకుముందు తండా పేరు పెద్ద ఊరి పేరు కింద కలిసిపోయేది. కాగితం మీద సొంత పేరు ఉంటే ఏమైతదో, లేకుంటే ఏం పోతదో మన పెద్దలను అడగండి, చెప్తరు. పేజీలోనూ అంతే.

పనిలో గుర్తుపెట్టుకోవాల్సినవి

కొత్త పేజీ కడుతుంటే మాడ్యూళ్లతోనే మొదలుపెట్టండి. పాత లైబ్రరీలు తప్పవంటే, ఏది దేని మీద ఆధారపడిందో చూసుకుని ముందు తల్లి లైబ్రరీ, తర్వాత దాని ప్లగిన్లు వరుసగా పెట్టండి. జేక్వెరీని రెండుసార్లు ఎక్కించొద్దు. రెండోసారి వచ్చిందంటే మొదటిదానికి తగిలించిన ప్లగిన్లు దానికి కనపడవు. ‘స్లైడర్ ఫంక్షన్ కాదు’ అనే ఎర్ర అక్షరాల వెనక చాలాసార్లు ఇదే ఉంటది. $ కోసం ఇంకో లైబ్రరీ కూడా ఉంటే నో కాన్‌ఫ్లిక్ట్ పిలిచి, మీ కోడ్‌ను ఒక ఫంక్షన్ గోడలో చుట్టి, లోపల $ వాడుకోండి. అనుమానం వస్తే బ్రౌజర్ కన్సోల్ తెరిచి window.$ అని కొట్టండి. ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో అదే చూపిస్తది. మీరు సొంతంగా రాసే ఫంక్షన్లకు ‘ఓపెన్’, ‘నేమ్’ లాంటి పేర్లు బయట పెట్టకండి. అవి విండోకు ముందే ఉన్న పేర్లు.

చివరగా లంబాడీ మిత్రులకు ఒక మాట. మన గోర్ బోలిని మనం తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటున్నం. తప్పేం లేదు. కానీ పేజీలో ఏమీ చెప్పకపోతే యంత్రం దాన్ని తప్పుల తెలుగు అనుకుంటది. పేజీలోని ప్రతి భాగానికి భాష పేరు చెప్పే ఒక గుణం ఉంటది, దాన్ని లాంగ్ అంటరు. లంబాడీకి అంతర్జాతీయ ప్రమాణంలో మూడక్షరాల సొంత సంకేతం ఉన్నది: ఎల్, ఎం, ఎన్. గోండికి జీ, ఓ, ఎన్. ఆ మూడక్షరాలను ఇంగ్లీషులో చిన్నబడి రాస్తే చాలు. అమ్మ చెప్పిన పాటో, తాత చెప్పిన కథో పేజీలో పెట్టేటప్పుడు ఆ ఒక్క ముక్క రాయండి. చూసేవాళ్లకు ఏ తేడా కనపడదు. కానీ రేపు ఎవరైనా లంబాడీలో ఉన్నవన్నీ వెతికితే, మనది తెలుగు కుప్పలో కలిసిపోకుండా దాని ఇంటిపేరుతో దొరుకుతది.